మోటార్‌సైకిల్ రోడ్డు రేసుకు తొలి ప్రయాణం: నల్గొండ, పాలమూరు నుంచి ఐల్ ఆఫ్ మ్యాన్‌కు ఎలా వెళ్లాలి

మోటార్‌సైకిల్ రేసు చూడటానికి మొదటిసారి బయలుదేరేవారు సాధారణంగా టికెట్, విమానం, హోటల్ అనే వరుసలో ఆలోచిస్తారు. పోటీల కోసమే కట్టిన సర్క్యూట్‌పై జరిగే పోటీకి ఆ వరుస చాలు. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీకి (టూరిస్ట్ ట్రోఫీ అనే రోడ్డు రేసుకు) మాత్రం చాలదు. అక్కడ పోటీ జరిగేది జనం రోజూ తిరిగే రోడ్డు మీద. ఆ రోడ్డును మూసివేసినప్పుడు మీరు ఏ పక్కన ఉంటే, మళ్లీ తెరిచేదాకా ఆ పక్కనే ఉండిపోవలసి వస్తుంది. కాబట్టి ఏ రోజు, ఏ ఊళ్లో, రోడ్డుకు ఏ వైపున నిలబడి చూస్తారో ముందుగా తేల్చుకొని, బస, పడవ, వీసా, విమానం అన్నింటినీ ఆ నిర్ణయానికి తగినట్టు అమర్చుకోవాలి. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల నుంచి తొలిసారి వెళ్లేవారి కోసం ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఇంటి దగ్గరే రేసును అర్థం చేసుకోండి

ఐల్ ఆఫ్ మ్యాన్ బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలో ఉన్న చిన్న ద్వీపం. అక్కడ టీటీ పోటీలు 1907లో మొదలయ్యాయి. ఇప్పుడు వాడుతున్న మౌంటెన్ కోర్స్ అనే కొండ మీది పోటీ దారిపై 1911 నుంచి జరుగుతున్నాయి. ఒక్క చుట్టు 60.7 కిలోమీటర్లు, అంటే నల్గొండ నుంచి మిర్యాలగూడకు ఉన్న దూరం కన్నా ఎక్కువ. అందులో రెండు వందలకు పైగా మలుపులు, ఊళ్ల మధ్య ఇరుకు వీధులు, రాతిగోడలు, స్నేఫెల్ కొండ మీది ఎత్తైన రోడ్డు ఉన్నాయి. 2023లో పీటర్ హిక్‌మన్ ఈ చుట్టును 16 నిమిషాల 36 సెకన్లలో, గంటకు సగటున 219 కిలోమీటర్ల వేగంతో పూర్తిచేసి రికార్డు నెలకొల్పాడు.

ఈ అంకెల నుంచి ప్రేక్షకుడు గ్రహించవలసిన విషయం ఒకటుంది. మీరు నిలబడ్డ చోటికి ఒక రైడర్ సుమారు 17 నిమిషాలకు ఒకసారి మాత్రమే వస్తాడు. ఆరు చుట్ల పోటీ పూర్తి దూరం జరిగితే అతన్ని మీరు ఆరుసార్లు, ప్రతిసారీ కొన్ని క్షణాల పాటు చూస్తారు. పైగా అందరూ ఒకేసారి బయలుదేరరు. పది సెకన్లకు ఒకరు చొప్పున వరుసగా వెళ్తారు కాబట్టి, ముందు కనిపించినవాడే ముందున్నవాడని అనుకోకూడదు. ఉదాహరణకు 6వ నంబరు రైడర్ 1వ నంబరు రైడర్ కన్నా 50 సెకన్లు ఆలస్యంగా బయలుదేరతాడు. మీ ముందు నుంచి అతను 40 సెకన్ల తేడాతోనే దాటిపోతే, నిజానికి అతనే 10 సెకన్లు ఆధిక్యంలో ఉన్నట్టు. ఈ లెక్క తెలియకుండా గట్టు మీద నిలబడితే శబ్దం, వేగం తప్ప పోటీ అర్థం కాదు. తెలిసి నిలబడితే చేతిలో గడియారంతో మీరే పోటీని చదవగలుగుతారు, అప్పుడు కలిగే ఉత్సాహమే వేరు.

అందుకే వెళ్లబోయే ఏడాదికి ముందటి ఏడాది పోటీలను టీటీ ప్లస్ అనే అధికారిక ప్రసార సేవలో చూడమని నా సలహా. చూస్తున్నప్పుడు పక్కన కోర్స్ పటం పెట్టుకొని, వ్యాఖ్యాతలు చెప్పే ఊళ్ల పేర్లను వరుసగా గుర్తించండి: డగ్లస్‌లోని బ్రే హిల్, క్వార్టర్ బ్రిడ్జ్, యూనియన్ మిల్స్, బల్లాక్రెయిన్, కర్క్ మైఖేల్, బలాఫ్ బ్రిడ్జ్, సల్బీ, రామ్సీ, గూస్‌నెక్, బంగళో, క్రెగ్ నీ బా, గవర్నర్స్ బ్రిడ్జ్. ఆ వరుస నోటికి వచ్చిందంటే సగం సిద్ధమైనట్టే.

ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. ఈ కోర్స్‌పై ఇప్పటివరకు 250 మందికి పైగా పోటీదారులు ప్రాణాలు కోల్పోయారు. మీరు వెళ్లిన వారంలో కూడా అటువంటి వార్త వినవలసి రావచ్చు. పిల్లలను, పెద్దవారిని వెంట తీసుకువెళ్లాలనుకుంటే ఈ సంగతి ముందే చెప్పి, వారు సరేనన్న తర్వాతే ఏర్పాట్లు మొదలుపెట్టండి.

విమానం, వీసా వంటి పెద్ద ఖర్చుకు దిగే ముందు ఒక చిన్న ప్రయాణం చేసి చూడవచ్చు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లోనూ, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలోనూ జాతీయ స్థాయి మోటార్‌సైకిల్ పోటీలు జరుగుతుంటాయి. అవి సర్క్యూట్ పోటీలే కానీ రోడ్డు రేసులు కావు. అయినా రోజంతా ఎండలో, శబ్దంలో కూర్చోవడం మీకు నచ్చుతుందో లేదో అక్కడ తేలిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి

టీటీ మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా జరుగుతుంది. మొదటి వారం క్వాలిఫయింగ్, అంటే పోటీకి అర్హత తేల్చే పరుగులు; రెండో వారం పోటీలు. మన లెక్కలో అది సరిగ్గా రోహిణి కార్తె. బడులకు సెలవులు ఉంటాయి కాబట్టి కుటుంబానికి అనుకూలమే. వ్యవసాయం ఉన్నవారు మాత్రం మృగశిర ప్రవేశించేసరికి దుక్కులు, విత్తనాలు, ఎరువుల పని మీద పడుతుందని గుర్తుంచుకొని, ఆ బాధ్యతను ఇంట్లో ఎవరికైనా ముందుగానే అప్పగించాలి. అది కుదరనివారికి మరొక దారి ఉంది. ఆగస్టు చివర్లో ఇదే మౌంటెన్ కోర్స్‌పై మ్యాంక్స్ గ్రాండ్ ప్రీ జరుగుతుంది. రద్దీ తక్కువ, బస దొరకడం తేలిక, రోడ్డూ అవే మలుపులూ అవే. పెద్ద పేర్లున్న రైడర్లను చూడాలన్న పట్టుదల లేకపోతే తొలి ప్రయాణానికి అదే మేలని నేను నమ్ముతాను.

టీటీకే వెళ్లాలనుకుంటే రెండు వారాలూ ఉండనవసరం లేదు. క్వాలిఫయింగ్ చివరి రెండు మూడు సాయంత్రాలు, ఆ వెంటనే వచ్చే మొదటి పోటీల వారాంతం, తర్వాత మరో రెండు రోజులు ఉంటే చాలు. క్వాలిఫయింగ్ సాయంత్రాలను చాలామంది తక్కువగా చూస్తారు కానీ, కొత్తవారికి అవే గొప్ప పాఠం. సూపర్‌బైక్‌ల నుంచి ఇద్దరు కలిసి నడిపే మూడు చక్రాల సైడ్‌కార్ల దాకా వేర్వేరు తరగతుల బండ్లను ఒకే సాయంత్రం చూడవచ్చు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. చివరి రోజు జరిగే సీనియర్ టీటీ చూడాలని ఉంటే రెండో వారాన్ని ఎంచుకోండి. ఏ వారమైనా బస ఆరు రోజులకు తగ్గకూడదు. దానికి కారణం వాతావరణం, కింద చెబుతాను.

బస: రోడ్డుకు బయటి వైపు, ట్రామ్ దారి పక్కన

ఈ ప్రయాణంలో అన్నింటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే. పటంలో కోర్స్‌ను ఒక పెద్ద వలయంగా ఊహించండి. రోడ్డు మూసినప్పుడు వలయం లోపల ఉన్నవారు లోపలే, బయట ఉన్నవారు బయటే. ఓడరేవు, డగ్లస్ సముద్రతీర వీధి, విమానాశ్రయం, దక్షిణాన ఉన్న క్యాజిల్‌టౌన్, పోర్ట్ ఎరిన్, పడమట పీల్ అన్నీ వలయానికి బయటే ఉన్నాయి. తూర్పు తీరం వెంట డగ్లస్ నుంచి లాక్సీ మీదుగా రామ్సీ దాకా 19వ శతాబ్దంలో వేసిన విద్యుత్ ట్రామ్ మార్గం ఉంది. అది కూడా వలయానికి బయటి వైపునే సాగుతుంది. పోటీ కోసం రోడ్డు మూసినా ఈ ట్రామ్ దారికి అడ్డు రాదు. లాక్సీలో దిగి మరో ట్రామ్ ఎక్కితే అది స్నేఫెల్ కొండ ఎక్కుతూ కోర్స్ పక్కనే ఉన్న బంగళో దగ్గరికి చేరుస్తుంది. అందుచేత డగ్లస్ తీరంలోగానీ, లాక్సీలోగానీ, రామ్సీలోగానీ ట్రామ్ స్టేషనుకు నడిచివెళ్లగలిగే చోట బస తీసుకున్నవారికి కారు, బైకు లేకపోయినా మూడు నాలుగు మంచి చోట్లు అందుబాటులో ఉంటాయి.

హోటళ్లు ఏడాది ముందే నిండిపోతాయి. వాటిలో గది దొరకలేదని ఆగిపోవద్దు. టీటీ సమయంలో స్థానికులు తమ ఇళ్లలో గదులను అద్దెకిచ్చే హోమ్‌స్టే పద్ధతి అక్కడ అధికారికంగా నడుస్తోంది. నా దృష్టిలో అదే ఉత్తమం. వంటగది వాడుకోనిస్తారా అని ముందే అడగండి, ముఖ్యంగా మీరు శాకాహారులైతే. ఆ ఇంటివాళ్లకు రోడ్లు ఎప్పుడు మూస్తారో, ఏ దారిన నడిస్తే ఎక్కడికి చేరతామో పటం కన్నా బాగా తెలుసు. గుడారాల మైదానాలు చవకే కానీ, వానకూ చలిగాలికీ అలవాటు లేనివారికి తొలిసారి నేను సూచించను.

పడవ, వీసా, విమానం: ఈ వరుసలోనే

బస ఖాయమయ్యాక పడవ చూసుకోండి. ఇంగ్లండ్‌లోని హేషమ్ రేవు నుంచి డగ్లస్‌కు నాలుగు గంటల లోపు పడుతుంది. లివర్‌పూల్ నుంచి కూడా పడవలున్నాయి. టీటీ రోజుల్లో బండ్లతో వెళ్లేవారికి చోటు త్వరగా అయిపోతుంది, నడిచి ఎక్కే ప్రయాణికులకు దొరకడం అంతకన్నా తేలిక. మ్యాంచెస్టర్, లివర్‌పూల్‌ల నుంచి చిన్న విమానాలు కూడా వెళ్తాయి. కానీ కొండకు మబ్బు పట్టే రోజుల్లో విమానాలూ ఆలస్యమయ్యే అవకాశం ఉంది కాబట్టి పడవనే నమ్ముకోవడం మంచిది.

వీసా విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. ఐల్ ఆఫ్ మ్యాన్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, బ్రిటిష్ రాజరికం కింద ఉన్న స్వయంపాలిత ప్రాంతం. అయినా రెండింటి మధ్య ఉమ్మడి ప్రయాణ ఏర్పాటు ఉంది. భారతీయులు యూకే సందర్శక వీసా తీసుకొని, బ్రిటన్‌లో దిగి, అక్కడి నుంచి ద్వీపానికి వెళ్లవచ్చు. దరఖాస్తులో ద్వీపం పేరు, బస చిరునామా, పోటీల తేదీలు స్పష్టంగా రాయండి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయడానికి వీలుంటుంది, నిర్ణయానికి సాధారణంగా మూడు వారాలు పడుతుంది. మే చివరి ప్రయాణానికి మార్చి మొదట్లోనే దరఖాస్తు పెట్టి, వేలిముద్రలు, ఫొటో కోసం హైదరాబాద్‌లోని వీసా కేంద్రానికి వెళ్లడం మంచిది. పాస్‌పోర్టు లేనివారు అంతకు చాలా ముందే నల్గొండ లేదా మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఆ పని ముగించుకోవాలి.

మన ప్రాంతం నుంచి దరఖాస్తు చేసే చాలామందికి వ్యవసాయమో, చిన్న వ్యాపారమో ఆధారం. నెల జీతం చీటీ లేకపోవడం లోపమేమీ కాదు, కానీ ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద కనిపించాలి. పట్టాదారు పాసుపుస్తకం, వడ్లో బత్తాయో పత్తో అమ్మినప్పటి తక్‌పట్టీలు, ఆ డబ్బు బ్యాంకులో జమ అయిన వివరాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ప్రయాణానికి ముందు బంధువుల దగ్గర చేబదులు తెచ్చి ఖాతాలో ఒక్కసారిగా వేసుకోవడం మేలుకన్నా కీడే చేస్తుంది. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఆంగ్ల అనువాదం, అనువాదకుని సంతకం, తేదీ, చిరునామాలతో జతచేయాలి. పంట డబ్బు చేతికి వచ్చిన నెలలోనే బ్యాంకులో వేసే అలవాటు ఉన్నవారికి ఈ పని సులువవుతుంది.

విమాన టికెట్‌ను వీసా వచ్చాకే కొనండి. ధర కొంత పెరిగినా సరే, వీసా రాకపోతే మొత్తం పోగొట్టుకోవడం కన్నా అది నయం. ఈ ప్రయాణానికి లండన్ కన్నా మ్యాంచెస్టర్ దగ్గర. గల్ఫ్ నగరాల్లో మారే విమానాలు శంషాబాద్ నుంచి అక్కడికి చేరుస్తాయి. పాలమూరు వైపువారు జాతీయ రహదారి 44 మీదుగా నగరంలోకి వెళ్లకుండానే శంషాబాద్ చేరవచ్చు. నల్గొండ వైపువారు విజయవాడ రహదారిపై పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు. మ్యాంచెస్టర్‌లో దిగిన రోజే పడవ ఎక్కాలని పెట్టుకోవద్దు, ఒక రాత్రి అక్కడ ఆగండి.

బీమా తీసుకునేటప్పుడు పాలసీలో ఐల్ ఆఫ్ మ్యాన్ పేరు విడిగా ఉందో లేదో చదవండి. యూకే అని మాత్రమే రాసి ఉంటే అడిగి చేర్పించండి. ఫోను సిమ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, బ్రిటన్‌లో కొన్న సిమ్ ప్యాకేజీ ద్వీపంలో పనిచేయకపోవచ్చు. ద్వీపం సొంత నోట్లు ముద్రిస్తుంది. బ్రిటిష్ పౌండ్లు అక్కడ చెల్లుతాయి, వారి నోట్లు మాత్రం ఇంగ్లండ్ దుకాణాల్లో సాధారణంగా తీసుకోరు కాబట్టి తిరిగి వచ్చే ముందే ఖర్చుచేయండి.

బైకు అద్దెకు తీసుకోవాలా

బైకులంటే ప్రాణం పెట్టేవారే ఈ వ్యాసం చదువుతారు కనుక ఈ కోరిక సహజం. ఆ కొండ రోడ్డు మీద స్వయంగా నడపాలనిపిస్తుంది. కానీ తొలి ప్రయాణంలో వద్దని గట్టిగా చెబుతున్నాను. ద్వీపంలో ఊళ్ల బయట చాలా రోడ్లపై వేగ పరిమితి లేదు. టీటీ రోజుల్లో కొండ మీది భాగాన్ని సాధారణ వాహనాలకు ఒకవైపు దారిగా మారుస్తారు. అక్కడికి వచ్చిన వేలాదిమంది తమ సత్తా చూపాలనే తొందరలో ఉంటారు. రోడ్డు కొత్త, గాలి కొత్త, బండి కొత్త అయినప్పుడు ఆ తొందర మధ్య నడపడం ప్రాణాపాయం. కోర్స్‌ను దగ్గరగా చూడాలంటే బస్సులో ఒక చుట్టు తిరగండి, కిటికీ పక్కన కూర్చుంటే గోడలు ఎంత దగ్గరో అప్పుడే తెలుస్తుంది. కారు నడపవలసిన అవసరం ఉన్నవారు మాత్రం రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకొని వెళ్లడం మంచిది.

సామాను

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అటువంటి ఎండలో ఇంటి నుంచి బయలుదేరేవారికి స్వెటర్ గుర్తుకు రాదు. ద్వీపంలో ఆ రోజుల్లో పగటి వేడి 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొండ మీద గాలికి ఇంకా చలి. పొరలుగా వేసుకునే దుస్తులు, నీరు చొరని కోటు, తడి గడ్డిలో నడవగల బూట్లు, కూర్చోవడానికి పలుచని ప్లాస్టిక్ పట్ట, చెవి ప్లగ్గులు, పిల్లలకైతే చెవులు పూర్తిగా మూసే కప్పులు తప్పనిసరి. చిన్న ఎఫ్.ఎం. రేడియో ఒకటి పెట్టుకోండి. మ్యాంక్స్ రేడియో వ్యాఖ్యానమే గట్టు మీద నిలబడ్డ మీకు కళ్లు, చెవులు. పల్లిపొడి, కందిపొడి, మామిడికాయ పచ్చడి తీసుకువెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలు, నాటుకోడి పచ్చడి వంటి మాంసపు పదార్థాలు బ్రిటన్‌లోకి మన దేశం నుంచి అనుమతించరు.

ఎక్కడ నిలబడాలి

మూడు చోట్లను మాత్రమే ఎంచుకోండి, అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే తిరగడంతోనే సరిపోతుంది. మొదటి సాయంత్రానికి డగ్లస్‌లోని బ్రే హిల్ నా ఎంపిక. రెండు పక్కలా ఇళ్లున్న వాలు వీధిలో ఆ బండ్లు కిందికి దూసుకుపోవడం చూసినప్పుడు రోడ్డు రేసు అంటే ఏమిటో ఒక్క క్షణంలో బోధపడుతుంది. రెండో చోటు రామ్సీ. ట్రామ్ దిగి పార్లమెంట్ స్క్వేర్ దాకా నడిస్తే, బండ్లు వేగం తగ్గించి ఊరి నడిబొడ్డున మలుపు తిరగడం చూడవచ్చు. రైడర్ల ఒంటి కదలిక, బ్రేకు వేసే చోటు, గేరు మార్చే శబ్దం గమనించడానికి ఇటువంటి నెమ్మది చోటు కావాలి. కొంచెం ఎగువకు నడవగలిగినవారికి రామ్సీ హెయిర్‌పిన్, గూస్‌నెక్ ఇంకా బాగుంటాయి. మూడోది బంగళో. ఆకాశం తేటగా ఉన్న రోజున మాత్రమే అక్కడికి వెళ్లండి, ఆ రోజు ట్రామ్‌లు ఏ వేళల్లో నడుస్తాయో ఉదయమే కనుక్కోండి. బండ్లు గాలిలోకి లేచే బలాఫ్ బ్రిడ్జ్ ఫొటోల్లో ఎంతో ప్రసిద్ధి, కానీ ట్రామ్ అక్కడికి వెళ్లదు కాబట్టి రెండో ప్రయాణానికి ఉంచుకోవచ్చు.

గ్రాండ్‌స్టాండ్‌లో సీటుకు టికెట్ ఉంటుంది. అక్కడ బయలుదేరడం, పెట్రోలు కోసం ఆగడం కనిపిస్తాయి. దాని వెనుక జట్లు బండ్లను ఉంచే ఆవరణ అయిన ప్యాడక్‌లో పోటీ లేని వేళ తిరిగితే మెకానిక్‌లు బండ్లను విప్పి బిగించడం దగ్గరగా చూడవచ్చు. అందుకు ఒక మధ్యాహ్నం కేటాయించండి. దారి పొడవునా గట్ల మీద, చర్చి ఆవరణల్లో చూడటానికి చాలాచోట్ల డబ్బు అడగరు లేదా కొద్దిగా విరాళం అడుగుతారు. చర్చిలవాళ్లు టీ, కేకు అమ్ముతారు, కొనండి.

పోటీ రోజు

రోడ్డు మూసే సమయానికి గంటన్నర ముందే మీ చోటికి చేరండి. తిండి, నీళ్లు, వాన కోటు చేతిలో ఉండాలి, మరుగుదొడ్డి మీ వైపునే ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్రవేశం లేదని బోర్డు పెట్టిన చోట ఎంత ఖాళీ ఉన్నా నిలబడవద్దు. అదుపు తప్పిన బండి అటే వస్తుందన్న అనుభవంతో ఆ బోర్డు పెట్టారు. గోడ మీద సంచి, సీసా, ఫోను పెట్టకూడదు, కాళ్లు రోడ్డు వైపు వేలాడదీసి కూర్చోకూడదు. రోడ్డు మూసిన తర్వాత బండ్లు లేవు కదా అని అడుగు పెట్టడం నేరం. దారి పొడవునా భద్రత చూసే వందలాది మార్షల్స్ స్వచ్ఛందంగా పనిచేస్తుంటారు, వారు జరగమంటే మారుమాట లేకుండా జరగండి. ఆఖరి బండి వెళ్లినంత మాత్రాన రోడ్డు తెరిచినట్టు కాదు, వారు చెప్పేదాకా ఆగాలి.

ఇక వాతావరణం. కొండను మబ్బు కప్పేస్తే గాయపడినవారిని తీసుకువెళ్లే హెలికాప్టర్ ఎగరలేదు. హెలికాప్టర్ ఎగరలేని వేళ పోటీ మొదలుపెట్టరు. డగ్లస్‌లో ఎండ కాస్తున్నా పోటీ గంటల తరబడి వాయిదా పడటానికి తరచుగా ఇదే కారణం. ఒక రోజు పోటీ మరుసటి రోజుకు జరగవచ్చు, చుట్లు తగ్గవచ్చు, పూర్తిగా రద్దు కావచ్చు. ఆరు రోజులకు తగ్గకుండా ఉండమన్నది ఇందుకే. వాయిదా పడిన రోజున విసుగుతో గదిలో కూర్చోకుండా పోర్ట్ ఎరిన్ దాకా నడిచే ఆవిరి రైలు ఎక్కండి, ఫోనులో అధికారిక ప్రకటనలు చూస్తూ ఉండండి. ఇంటికి ఫోను చేసేటప్పుడు మన సమయం నాలుగున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోండి. క్వాలిఫయింగ్ ముగిసేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది.

తిరుగు పడవను మీరు చూడదలచిన చివరి పోటీ రోజు రాత్రికి పెట్టుకోవద్దు. ఆ పోటీ మరునాటికి జరిగితే రెండింటిలో ఒకటి వదులుకోవాలి, పైగా ఆ రాత్రి పడవలన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఒక పగలు ఆగి ఆ మరుసటి ఉదయం పడవ ఎక్కి, మ్యాంచెస్టర్ విమానానికి మరో రోజు ఎడం ఉంచుకోండి.